ఎద్దుకు ఏసిన సూది, రాబందుకు తగిలింది

మనోళ్లు ఎవరినన్నా గట్టిగా తిట్టాలంటే రాబందు అంటారు. పేదోళ్ల భూములు కాజేసేవాడు రాబందు. నూటికి పది వడ్డీ గుంజేవాడు రాబందు. రాత్రికి రాత్రి వంకలో ఇసుక తోలుకునేవాడూ రాబందే. ఇట్లాంటి పేజీల్లో ఆ మాట వారానికొకసారన్నా కనపడుతుంది. చదివినప్పుడల్లా నాకు ఆ పక్షి మీద జాలేస్తుంది. రాబందు వేటాడదు. దాని కాళ్లు నేల మీద నడవడానికే గాని, గద్ద మాదిరి ఎరను పట్టి ఎత్తుకపోవడానికి పనికిరావు. చచ్చినదాన్ని తిని బతికే పక్షి అది. భూములు కాజేసేవాడు బతికున్నోళ్లనే తింటాడు. ఆ ఇద్దరికీ పోలిక యాడిది?

మా చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఇరవై, పాతికేళ్ల పిల్లోళ్లను అడిగి చూడండి, రాబందును కండ్లారా చూసినోళ్లు దొరకడం కష్టం. నేనూ ఫోన్లో చూసిందే ఎక్కువ. ముసలోళ్లను కదిలిస్తే మాత్రం కథలు కథలుగా చెప్తారు. ఊరి బయట గొడ్డు చచ్చిపడితే, ముందు తోలు వలిచేవాళ్లు వచ్చేవాళ్లంట. వాళ్ల పని అయ్యేదాకా రాబందులు గట్టు మీద పెండ్లి పంక్తికి కూర్చున్నట్ల కూర్చొని కాచుకునేవంట. మనుషులు పక్కకు జరిగినారంటే ఒక్కసారి మీద పడేవి. పొద్దు తిరిగేలోగా తెల్లటి ఎముకల గూడు మిగిలేది. వాసన లేదు, ఈగలు లేవు. ఇంటి మీద రాబందు వాలితే కీడని, ఆ ఇల్లు కొన్నాళ్లు విడిచిపెట్టాలని నమ్మకం కూడా ఉన్నింది. ఇప్పుడు ఇంటి మీద వాలే రాబందే లేదు.

హిందూపురం దగ్గర లేపాక్షికి పోయినోళ్లంతా బండ మీది జటాయువు బొమ్మ కాడ సెల్ఫీ తీసుకొని వస్తారు. సీతమ్మను ఎత్తుకపోతాంటే రావణుడికి అడ్డం పడి, రెక్కలు తెగి ఆడనే పడిందని, రాముడొచ్చి 'లే పక్షీ' అన్నాడని, అదే ఊరి పేరయిందని స్థలపురాణం. చానా మంది జటాయువును గద్ద అనుకుంటారు. రామాయణం దాన్ని గృధ్రరాజు అంటుంది. గృధ్రం అంటే రాబందు. పురాణంలో రాబందుకు ఇంత పెద్ద పీట వేసిన ప్రాంతం మనది. బొమ్మ బండ మీద నిలబడి ఉండాది, పక్షి మాత్రం ఆకాశంలో లేకుండా పోయింది.

ఎట్ల పోయింది? రాజస్థాన్‌లో భరత్‌పూర్ కాడ కేవలాదేవ్ అని పక్షుల పార్కు ఉండాది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ ఆడ 1980ల నుంచి రాబందుల గూళ్లు లెక్కపెడుతూ వచ్చినాడు. 1990ల చివరికొచ్చేసరికి గూళ్లు ఖాళీ అయిపోయినాయి. చెట్ల మీదనే తలలు వాల్చేసి, జోగుతున్నట్ల కూర్చొని, కొన్నాళ్లకు దబ్బున కిందపడి చచ్చిపోతాండాయి. ముందు ఏదో వైరస్ అనుకున్నారు. పురుగుమందులేమో అనుకున్నారు. మాంసం దొరక్కనా అంటే అదీ కాదు, తిండి కుప్పలుగా పడి ఉండాది.

దేశమంతా తిరిగి లెక్క తీస్తే తేలిందేమంటే, 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒక్కటి మిగిలింది. పొడుగుముక్కు రాబందులు నూటికి మూడు మిగిలినాయి. కోట్ల లెక్కన ఉన్న పక్షి పదిహేనేండ్లలో ఇట్ల ఊడ్చుకపోవడం ప్రపంచంలో చానా తక్కువ సార్లు జరిగింది. పులి కోసం ఇంత గోల చేసే దేశంలో ఇది జరుగుతాంటే పల్లెల్లో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవాలని చెప్పినోళ్లూ లేరు.

కారణం 2004లో బయటపడింది. పాకిస్తాన్ పంజాబులో చచ్చిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్యుడు, ఆయన జట్టు కలిసి నేచర్ పత్రికలో రాసినారు. దొంగ దొరికింది. పేరు డైక్లోఫెనాక్.

ఈ పేరు మీకు కొత్త కావచ్చు గాని, మందు మీ ఇంట్లోకి వచ్చే ఉంటుంది. మోకాళ్ల నొప్పికి ముసలోళ్లు మింగే వోవెరాన్ గోలీ అదే. నడుం పట్టుకుంటే ఆర్‌ఎంపీ డాక్టరు ఏసే సూదిలో కూడా చానా సార్లు అదే ఉంటుంది. మనిషికి నొప్పి, వాపు, జ్వరం తగ్గిస్తుంది. 1990ల్లో ఇదే మందు గొడ్లకు కూడా చౌకగా రావడం మొదలైంది. కుంటే ఎద్దుకు, పొదుగువాపు వచ్చిన ఆవుకు, జ్వరంతో మేత ముట్టని ఎనుముకు ఒక్క సూది ఏస్తే చాలు, సాయంత్రానికి లేసి నిలబడేది. రైతుకు ఇంకేం కావాల? దుక్కి రోజుల్లో ఎద్దు పండుకుంటే ఆ ఏడాది సేద్యమే పండుకున్నట్ల. కాబట్టి రైతు ఈ మందును ఇష్టపడినాడంటే అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. ఎవరూ రాబందులను చంపాలని సూది ఏయించలేదు.

కథ ఆ తర్వాతది. సూది ఏసిన గొడ్లన్నీ బతకవు కదా. రోగం ముదిరి కొన్ని చస్తాయి. మందు ఏసిన రెండు మూడు రోజుల్లో చస్తే, ఆ మందు దాని కండలో, కాలేజాలో, మూత్రపిండాల్లో ఇంకా మిగిలే ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. పక్షుల ఒంట్లో చెడు బయటికి పోయేది యూరిక్ యాసిడ్ రూపంలో. కిడ్నీ ఆగిపోతే అది నెత్తురులో పేరుకొని, గుండె మీద, కాలేజా మీద తెల్లగా సున్నం పూసినట్ల గడ్డకడుతుంది. మనుషులకు కీళ్లలో వచ్చే గౌట్ నొప్పి లాంటిదే, కాకపోతే దీనికి లోపలి అవయవాలకే వస్తుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. కుళ్లిన మాంసాన్ని, దొమ్మరోగం క్రిములను కూడా అరిగించుకునే కడుపు దానిది. ఆ కడుపు ఈ ఒక్క మందుకు ఓడిపోయింది.

ఈడ చానా మంది ఒక మాట అంటారు: ఊరంతా కలిపితే నెలకు నాలుగు సూదులు, మా ఒక్క ఎనుముతో ఏమైపోతుంది అని. లెక్క చూడండి. రాబందు ఒంటరిగా తినదు. ఒకటి కిందికి దిగితే దాన్ని చూసి దూరంగా ఎగిరేది దిగుతుంది, దాన్ని చూసి ఇంకోటి. ఒక గొడ్డు మీద పదులకొద్దీ పడతాయి. అంటే ఒక్క విషపు గొడ్డు ఒక మందను మొత్తం తీసుకపోగలదు. శాస్త్రవేత్తలు లెక్కేసి చెప్పిందేమంటే, అప్పట్లో జరిగిన నాశనానికి 130 గొడ్లలో ఒకటి, ఇంకో లెక్కన 760 గొడ్లలో ఒకటి ఈ మందుతో చచ్చింటే చాలు. నిజంగా దేశంలో కళేబరాలను పరీక్ష చేస్తే నూటికి పదింట్లో మందు దొరికింది. దానికి తోడు ఈ పక్షి ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుంది. ఆ పిల్ల పెద్దదై మళ్లీ గుడ్డు పెట్టాలంటే అయిదేండ్లు పడుతుంది. కోడి మాదిరి పదిహేను పిల్లలను ఏసుకొని తిరిగే రకం కాదు.

సరే, పక్షి పోయింది, మనకేమి? మనకేమైందో మీ ఊరి బయటికి పోయి చూడండి. రాబందుల మంద అరగంట, ముప్పావు గంటలో ఊడ్చేసే గొడ్డు ఇప్పుడు వారం పది రోజులు ఆడనే కుళ్లుతాంది. తినేవి కుక్కలు. తిండి దొరికితే కుక్కలు పెరుగుతాయి. గొడ్డు మాంసం, కోళ్ల ఫారాల చెత్త మరిగిన కుక్కల గుంపులు జీవాల మందల మీద పడతాండాయి. మన జిల్లాలో గొర్రెలు కాసేవాళ్లను ఎవరినన్నా అడగండి, తోడేలు గురించి ఒక మాట చెప్తే కుక్కల గురించి నాలుగు చెప్తారు. బడికి పోయే పిల్లలను కరిస్తే రేబిస్ సూదుల కోసం ధర్మవరమో, పెనుకొండో పరిగెత్తాల. రాబందు తిన్న మాంసంలోని క్రిములు దాని కడుపులోనే కాలిపోయేవి. కుక్క అట్ల కాదు, ఆడ తిని నోటితో ఇంటి దాకా మోసుకొస్తుంది.

ఇది పల్లెటూరి పెద్దోళ్ల గొణుగుడు అనుకోవద్దండి. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు దేశంలోని జిల్లాలను రెండు రకాలుగా విడదీసి చూసినారు: రాబందులు ముందు బాగా ఉన్న జిల్లాలు, మొదటి నుంచి లేని జిల్లాలు. రాబందులు పోయినాక మొదటి రకం జిల్లాల్లో మనుషుల చావులు నూటికి నాలుగుకు పైగా పెరిగినాయని తేల్చినారు. 2000 నుంచి 2005 దాకా అయిదేండ్లలో అట్ల అదనంగా పోయిన ప్రాణాలు దాదాపు 5 లక్షలని వాళ్ల అంచనా. కుక్కకాటు, కలుషితమైన నీళ్లు, కుళ్లు, అన్నీ కలిసి. 2024లో ఈ పరిశోధన అచ్చయినప్పుడు ప్రపంచమంతా వార్త అయింది. మన టీవీల్లో ఆ రోజు ఏ హీరో సినిమా గొడవ నడిచిందో గుర్తులేదు.

మరి ప్రభుత్వం ఏం చేసింది అంటే, చేసింది, కాకపోతే నత్తనడక. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ తయారు చేయడం ఆపమని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2008లో గెజిట్‌లో పెట్టి గట్టి చేసింది. అంగళ్లు ఊరుకుంటాయా? మనుషులకు అమ్మే డైక్లోఫెనాక్ 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు ఉండేవి. మనిషికి ఒక సూదికి పట్టేది 3 మిల్లీలీటర్లే. అంత పెద్ద సీసా ఎవరి కోసమో అందరికీ తెలుసు. నిషేధం వచ్చినాక 11 రాష్ట్రాల్లో 250కి పైగా మందులంగళ్లకు మామూలు గిరాకీ మాదిరి పోయి అడిగితే, నూటికి 36 అంగళ్లలో గొడ్లకని డైక్లోఫెనాక్ ఇచ్చినారు. చివరికి 2015లో మనుషుల మందు కూడా 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలోనే అమ్మాలని రూలు పెట్టినారు.

ఆ లోపల ఇంకో తలకాయనొప్పి. డైక్లోఫెనాక్‌కు బదులుగా వచ్చిన మందులు కూడా అదే పని చేస్తాండాయని తేలింది. కీటోప్రొఫెన్ రాబందులను చంపుతుందని 2010 నాటికే పరిశోధన వచ్చింది. ఎసిక్లోఫెనాక్ సంగతి మరీ విచిత్రం. ఆవు ఒంట్లోకి పోయినాక అది డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. పేరు మార్చుకొని వచ్చిన అదే దొంగ. ఈ రెండింటినీ పశువులకు నిషేధించింది 2023 జూలై 31న. నిమ్సులైడ్‌ను పశువులకు ఆపింది 2024 ఆఖర్లో. అంటే ఒక మందు విషమని తేలిన కాడి నుంచి దాన్ని ఆపేదాకా పదేండ్లకు పైగానే పట్టిన సందర్భం ఉంది. ఆ లోపల కంపెనీ అమ్ముకుంటానే ఉంటుంది. ఫ్లూనిక్సిన్ అనే ఇంకో మందు మీద కూడా శాస్త్రవేత్తలు అనుమానంగానే ఉండారు. ఒక్కొక్క మందును తరుముకుంటా పోవడం కంటే, పశువులకు ఏ నొప్పి మందు అమ్మాలన్నా ముందు రాబందుల మీద పరీక్ష పెట్టి ఆ తర్వాతే అనుమతి ఇవ్వాల. ఇది నా ఒక్కడి మాట కాదు, రాబందుల మీద పనిచేసేవాళ్లంతా చానా ఏండ్లుగా అడుగుతున్నదే.

ఇంక మంచి మాట. గొడ్డును నొప్పితో వదిలేయమని ఎవరూ చెప్పడం లేదు. మెలోక్సికామ్ అనే మందు ఉండాది. 2006లోనే రాబందులకు ఏమీ కాదని రుజువైంది. గొడ్డుకు నొప్పి, వాపు, జ్వరం మూడూ తగ్గిస్తుంది. ఈ మధ్య టోల్ఫెనమిక్ యాసిడ్ అనేది కూడా రాబందులకు ప్రమాదం లేనిదని తేలింది. మెలోక్సికామ్ మొదట్లో రేటు ఎక్కువ ఉన్నింది, ఇప్పుడు చానా కంపెనీలు చేస్తాండాయి కాబట్టి అందుబాటులోకి వచ్చింది. రైతుల ఫిర్యాదు ఒకటి ఉంది: వెనకటి మందు అంత తొందరగా గొడ్డు లేసి నిలబడదు అని. ఒక పూట ఆలస్యమైతే కావచ్చు. సూది ఏసే ఆయనకు కూడా తొందరే, ఏసిన గంటకే గొడ్డు లేస్తే ఆయనకు పేరు వస్తుంది. ఆ తొందరలోనే పాత మందులు ఇంకా బతికి ఉండాయి.

మన పల్లెల్లో గొడ్లకు సూది ఎవరు ఏస్తారు? పశువుల డాక్టరు దాకా పోయేది తక్కువ. పక్కూరి గోపాలమిత్రో, అనుభవం మీద వైద్యం చేసే ఇంకొకాయనో వస్తాడు. జీవాల కాపర్లయితే సొంతంగానే అంగడిలో సీసా కొనుక్కొని, సిరంజి సంచిలో పెట్టుకొని తిరుగుతారు. కాబట్టి కేంద్రం గెజిట్‌లో ఏం రాసినా చివరికి తేలేది ఆ గొడ్ల కొట్టం కాడ, ఆ సంచి కాడ. ఈడనే చదువుకున్న పిల్లోళ్లతో పని పడుతుంది. మీ నాయనకు ఇంగ్లీషు అక్షరాలు రాకపోవచ్చు, మీకు వచ్చు. సీసా మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దగా ఉంటుంది, అసలు మందు పేరు దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, నిమ్సులైడ్, వీటిలో ఏది కనపడినా వద్దు అని చెప్పండి. కొన్ని సీసాల్లో రెండు మందులు కలిపి ఉంటాయి, కాబట్టి మొదటి పేరు చూసి ఆపేయొద్దు. 'అన్నా, మెలోక్సికామ్ ఏయి' అని అడిగితే సూది ఏసే ఆయన ఏమీ అనుకోడు. తెచ్చుకోకుంటే 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు వస్తుంది. ఎంత మందు ఏయాలనేది మాత్రం డాక్టరునే అడగండి, ఫోన్లో చూసి కాదు.

'మన దగ్గర రాబందులే లేవు కదప్పా, ఇంక ఎవరి కోసం ఇదంతా' అని మొన్న ఒక పిల్లోడు నన్ను అడిగినాడు. మంచి ప్రశ్నే. సి.కె.పల్లి కాడ 44 నంబరు హైవే ఎక్కి బెంగళూరు దాటి, మైసూరు దారిలో ఇంకో 50 కిలోమీటర్లు పోతే రామనగరం వస్తుంది. షోలే సినిమా తీసిన గుట్టలవి. ఆడ రామదేవరబెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించినారు, దేశంలోనే మొదటిది. పొడుగుముక్కు రాబందులు ఆ బండల సందుల్లో గూళ్లు పెడతాయి. చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మిగిలినాయి. అవి రామనగరంలో పండుకుంటాయి గాని తిండికి ఆడనే ఉండవు. రాబందు రెక్క ఆడించకుండానే వేడిగాలి మీద తేలుతా ఒక్క పొద్దులో నూరు కిలోమీటర్లకు పైగా పోగలదు. దానికి జిల్లా సరిహద్దు, రాష్ట్రం సరిహద్దు తెలీదు. మడకశిర, హిందూపురం వైపు గొడ్లకు ఏం మందు ఏస్తాండారనేది రామనగరం పక్షికి కూడా సంబంధించిన సంగతే.

అటు తెలంగాణలో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ కొండచరియల్లో పొడుగుముక్కు రాబందులు కనపడినాయి. అటవీశాఖ ఆ గుట్టను కాపాడుతూ, చుట్టుపక్కల ఊర్లలో పశువుల మందుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. హైదరాబాదు జూలో రాబందుల పెంపకం కేంద్రం ఉంది. హర్యానాలో పింజోర్ కేంద్రంలో పుట్టిన పిల్లలను అడవిలోకి వదులుతాండారు. వదిలేముందు ఆ చుట్టూ నూరు కిలోమీటర్ల మేర అంగళ్లలో ఏం మందులు అమ్ముతాండారో చూసుకుంటారు. మందు శుభ్రంగా ఉన్న ప్రాంతమే పక్షికి ఇల్లు.

మన సీమలో గుట్టలకు తక్కువ లేదు, చచ్చే గొడ్లకూ జీవాలకూ తక్కువ లేదు. మన మండలం పక్కనే కల్పవల్లి గుట్టలు ఉండాయి. టింబక్టు కలెక్టివ్‌తో కలిసి ఊరి కమిటీలు ఏండ్ల తరబడి నిప్పు పడకుండా, నరకకుండా కాపాడితే బోడిగుట్టల మీద కసువు లేసింది, జీవాలు మేస్తాండాయి, తోడేళ్లు తిరుగుతాండాయి. అదే గుట్టల మీద గాలిమరలు కూడా నిలబెట్టినారు. పెద్ద రెక్కల పక్షులకు ఆ మరలు మంచివి కావు, ఆ పంచాయితీ ఇంకో రోజు రాస్తా.

మందు కాకుండా ఇంకో చావు కూడా ఉంది. దూడను చిరుత పట్టిందని, గొర్రెలను కుక్కలు చంపినాయని కోపమొచ్చి, మిగిలిన మాంసంలో గుళికల మందు కలిపి పెట్టేవాళ్లు ఉండారు. 2022 మార్చిలో అస్సాంలో ఛాయ్‌గావ్ దగ్గర అట్లాంటి మాంసం తిని వందకు దగ్గరగా రాబందులు ఒక్కసారే చచ్చినాయి. మన దగ్గరయితే ముందు చచ్చేది పక్కింటోడి కాపలా కుక్క, ఆ తర్వాత కాకులు, గద్దలు. చట్టం ప్రకారం కూడా అది జైలు పనే.

గొడ్డు చచ్చినప్పుడు ఏం చేయాలో కూడా చెప్తా. ముక్కులో నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతాంటే అది దొమ్మరోగం కావచ్చు. దాన్ని కోయొద్దు, తోలు వలవొద్దు, పశువుల డాక్టరుకు చెప్పండి. చచ్చేముందు రెండు మూడు రోజుల్లో ఏదన్నా నొప్పి సూది ఏసింటే, అది ఏ మందో తెలీకుంటే, ఆ గొడ్డును వంకలోకి ఈడ్చి పారేయొద్దు. జేసీబీ పిలిపించి ఆరడుగుల గుంత తీయించండి, పైన సున్నం చల్లి పూడ్చండి. మట్టి మీద ముళ్లకంప ఏసి రాయి పెడితే కుక్కలు తోడవు.